కొత్త గోల్ఫ్ జీటీఐ డెలివరీ: ఏం చూసుకోవాలి, మొదటి 1500 కి.మీ. ఎలా నడపాలి?

కోఠి_క్లచ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. వచ్చే వారం హైదరాబాద్‌లో నా ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ డెలివరీ. బండి డీలర్ యార్డుకు వచ్చేసింది, ఇన్వాయిస్ ఇంకా వేయలేదు. ఇప్పటిదాకా నడిపినవన్నీ 120 పీఎస్ లోపు బండ్లే. ఒక్కసారిగా 265 పీఎస్ పవర్, 370 ఎన్ఎం టార్క్ (చక్రాలను తిప్పే బలం), అదీ ముందు చక్రాలకే. అందుకే అడుగుతున్నా.

ఇది పూర్తిగా జర్మనీలో తయారై ఓడలో వచ్చే బండి కదా, మామూలు పీడీఐ (డెలివరీకి ముందు చేసే తనిఖీ) లిస్టుకు అదనంగా ఏం చూడాలి? రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజన్‌ని మొదట్లో అదుపుగా నడపడం) సంగతి సరేసరి, యూట్యూబ్‌లో ఒకరు మొదటి రోజే తొక్కమంటారు, ఇంకొకరు 2000 ఆర్‌పీఎం దాటితే పాపం అంటారు. అన్నిటికన్నా ముఖ్యం: మొదటిసారి నడిపినప్పుడు ఏది ఈ బండి గుణమో, ఏది లోపమో ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

యార్డు_పంతులు

పీడీఐ ఇన్వాయిస్‌కి ముందే అయిపోవాలి. ఇన్వాయిస్ పడి రిజిస్ట్రేషన్ మొదలైందంటే ఆ ఛాసిస్ నంబరు మీ నెత్తిన పడ్డట్టే. ఆ తర్వాత గీత కనపడితే "పాలిష్ చేసిస్తాం సార్" అంటారే తప్ప బండి మార్చరు. పగటి వెలుతురులో, కడిగి పూర్తిగా ఆరిన బండినే చూడండి. తడి ఆరని పెయింట్ మీద సన్న గీతలు దాక్కుంటాయి.

మొదట కాగితాలు. విన్ (ఛాసిస్) నంబరు 17 అక్షరాలు, డబ్ల్యూవీడబ్ల్యూతో మొదలవుతుంది. పదో అక్షరం ఎస్ అయితే 2025 మోడల్ సంవత్సరం, టీ అయితే 2026. అది తయారైన నెల కాదు, ఆ నెల ఫారం 21లో (అమ్మకపు సర్టిఫికెట్) ఉంటుంది. ముందు అద్దం కింద కనిపించే నంబరు, ఫారం 21, ఫారం 22 (బండి రోడ్డుకు తగినదని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ కవర్ నోటు, ఈ నాలుగింటినీ అక్షరం అక్షరం పోల్చండి. బిల్లులో 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కనపడుతుంది, 10 లక్షలు దాటిన ప్రతి బండికీ ఉంటుంది. అది ఖర్చు కింద రాసుకోకండి. మీ పాన్ నంబరు సరిగ్గా పడితే మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు.

ఇక ఓడ ప్రయాణం చేసిన బండిలో ప్రత్యేకంగా చూడాల్సినవి.

బ్యాటరీ. ఓడరేవులో, యార్డులో కలిపి నెలల తరబడి స్టార్ట్ చేయకుండా పడి ఉండొచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే 12.5 వోల్టులు లేదా పైన చూపాలి. 12.2 కన్నా కింద ఉంటే ఛార్జ్ చేసి మరుసటి రోజు మళ్లీ చూపించమనండి, అప్పుడూ పడిపోతే బ్యాటరీ మార్చమనండి. ఈ బండిలో వోల్టేజ్ తగ్గితే ముందుగా స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్‌ని దానంతటదే ఆపే ఏర్పాటు) పనిచేయడం మానేస్తుంది, తర్వాత సంబంధం లేని వార్నింగులు వరసగా వెలుగుతాయి. చాలామంది ఎలక్ట్రానిక్స్ పోయాయని కంగారుపడేది ఇక్కడే.

టైర్లు. ఓడలో, ట్రెయిలర్ మీద కదలకుండా ఉండాలని గాలి ఎక్కువ కొట్టి పంపుతారు. పీడీఐలో తగ్గించాలి, చాలాచోట్ల మర్చిపోతారు. డెలివరీ రోజే డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ చూసి, చల్లటి టైర్లలో ఆ లెక్కకు తెప్పించండి. "జీటీఐ ఇంత గట్టిగా కొడుతుందేంటి" అనే ఫిర్యాదుల్లో సగం ఈ గాలి వల్లే. ఇంకా గట్టిగా ఉంటే స్ప్రింగుల మధ్య రవాణా కోసం పెట్టిన బ్లాకులేమైనా మిగిలిపోయాయేమో టార్చి వేసి చూడమనండి. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారీ వారం, సంవత్సరం: 3225 అంటే 2025లో 32వ వారం. నాలుగు టైర్లకూ ఇది దగ్గరదగ్గరగా ఉండాలి.

పెయింట్. బంపర్ కింది అంచు, సైడ్ స్కర్టులు, చక్రాల అంచులు ముందు చూడండి. ట్రెయిలర్ ఎక్కించేటప్పుడు, బెల్టులు బిగించేటప్పుడు దెబ్బ తగిలేది వీటికే. పెయింట్ మీటర్ దొరికితే ఇనుప ప్యానెళ్ల మీద సుమారు 90 నుంచి 140 మైక్రాన్లు మామూలు. ఒక డోర్ మాత్రం 200 దాటితే అది ఇక్కడ మళ్లీ వేసిన రంగే. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి మీటర్ పనిచేయదు, ఫెండర్ పక్కన పెట్టి రంగు తేడా కంటితోనే పట్టుకోవాలి.

చివరిగా ఒక్కటి పట్టుబట్టి అడగండి: ఓడిస్ స్కాన్ ప్రింటు. వర్క్‌షాపులో కంప్యూటర్ తగిలించి తీసే రిపోర్టు అది. ట్రాన్స్‌పోర్ట్ మోడ్ (రవాణాలో బ్యాటరీ ఆదా కోసం పెట్టే సెట్టింగు) తీసేశారా, ఏదైనా ఫాల్ట్ కోడ్ ఉందా రెండూ అందులో తెలుస్తాయి. ఇవ్వం అన్నారంటే తీయలేదనే లెక్క.

నాలుగువేల_ఆర్‌పీఎం

పంతులు గారు కాగితాలు, బాడీ చూసేశారు. నేను నడిపే సంగతి చెప్తా.

రన్నింగ్-ఇన్‌కి యూట్యూబ్ అక్కర్లేదు, ఫోక్స్‌వ్యాగన్ పుస్తకంలోనే ఉంది. మొదటి 1000 కి.మీ. గరిష్ఠ ఆర్‌పీఎంలో మూడింట రెండు వంతులు దాటకూడదు, ఫుల్ థ్రాటిల్ వద్దు. 1000 నుంచి 1500 మధ్య కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. గరిష్ఠం 6500 లెక్కన చూస్తే మీ హద్దు 4300. ఇదేమీ శిక్ష కాదు. ఈ ఇంజన్ పూర్తి టార్క్ 1600 నుంచి 4500 దాకా పరుచుకుని ఉంటుంది, అంటే బండి అసలు బలమంతా మీకు అనుమతి ఉన్న ఆర్‌పీఎంలోనే ఉంది. సగం పెడల్ చాలు.

2000 దాటొద్దనేవాళ్ల మాట ఎందుకు తప్పంటే, పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు చక్కగా కూర్చోవాలంటే వాటి వెనక ఒత్తిడి కావాలి. మరీ మెల్లగా నడిపితే ఆ ఒత్తిడి రాదు, గోడ నున్నబడిపోయి తర్వాత ఆయిల్ తింటుంది. మొదటి రోజే తొక్కితే రింగులు కూర్చోకముందే వేడి పెరుగుతుంది. మధ్యలో ఉన్న పద్ధతి: 2000 నుంచి 3800 దాకా సాఫీగా లాగి, కాలు తీసేసి, పాడిల్‌తో (స్టీరింగ్ వెనక ఉండే గేరు మీట) గేరు దించి ఇంజన్ బ్రేకింగ్‌తో తగ్గనివ్వడం. మళ్లీ లాగడం. లోడు మారుతూ ఉండాలి. అందుకే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద క్రూజ్ కంట్రోల్ పెట్టి 158 కి.మీ. చుట్టేస్తే రన్నింగ్-ఇన్ అయిపోయినట్టు కాదు. ఒకే వేగం, ఒకే లోడు, దానివల్ల ఉపయోగం తక్కువ. వికారాబాద్ అనంతగిరి వైపు ఎక్కుతూ దిగుతూ ఉండే రోడ్లు మేలు. శ్రీశైలం ఘాట్ అనుకుంటే అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, లోపల వేగ పరిమితి కూడా ఉంది. పొద్దున్నే బయల్దేరి తొందర లేకుండా వెళ్లండి.

పొద్దున స్టార్ట్ చేయగానే కూలెంట్ ముల్లు చూసి మోసపోకండి. అది 90 చూపించినా ఆయిల్ ఇంకా 50, 60 దగ్గరే ఉంటుంది. డిజిటల్ మీటర్‌లో ఆయిల్ టెంపరేచర్ పేజీ పెట్టుకోండి. 80 దాటేదాకా 3000 లోపల. ఈ అలవాటు 1500 కి.మీ. తర్వాత కూడా ఉండాలి, టర్బోకి ఆయిలే దిక్కు. మొదటి కొన్ని వేల కి.మీ. ఆయిల్ కాస్త తగ్గడం మామూలే. ప్రతి రెండో ట్యాంకుకి, ఇంజన్ వేడెక్కాక, సమతలంలో ఆపి, కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి.

బ్రేకులు కూడా కొత్తవే. మొదటి 300 కి.మీ. దాకా ప్యాడ్లకు పూర్తి పట్టు రాదు. టైర్లకైతే 500, 600 కి.మీ. దాకా, రబ్బరు పైపొర పోవాలి కదా. ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 30కి మధ్యస్థంగా బ్రేకు వేసి, పూర్తిగా ఆగకుండా మళ్లీ వేగం అందుకోవడం, పది పన్నెండుసార్లు. మధ్యలో చల్లారనివ్వాలి. కాలుతున్న డిస్కు మీద సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కి నిలబడితే ఆ చోట ప్యాడ్ మెటీరియల్ అంటుకుని, తర్వాత పెడల్ అదరడం మొదలవుతుంది. జనం దాన్ని "డిస్కు వంగింది" అంటారు, చాలాసార్లు వంగదు.

ఇక నడుపుతుంటే ఎలా ఉంటుందంటే, మొదటి అరగంట కొంచెం నిరాశపడొచ్చు. కంఫర్ట్ మోడ్‌లో, గేరు డీలో ఉంటే, డీఎస్జీ (ఫోక్స్‌వ్యాగన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్) తొందరగా పై గేరుకి వెళ్లి కూర్చుంటుంది. మీరు పెడల్ నొక్కుతారు, ఒక క్షణం ఏమీ జరగదు, గేర్లు దిగుతాయి, అప్పుడు ఒక్కసారి తోస్తుంది. అది లోపం కాదు. ఎడమ పాడిల్‌తో మీరే ముందు ఒక గేరు దించి, తర్వాత పెడల్ నొక్కి చూడండి, ఆ ఆలస్యం మాయమవుతుంది. స్టీరింగ్ ఒక చివరినుంచి ఇంకో చివరికి రెండు చుట్లకు కాస్త పైన, అంతే. యూటర్న్‌లో చెయ్యి మార్చే పనుండదు, హైవే మీద మాత్రం మొదట్లో అవసరానికి మించి తిప్పేస్తారు.

దీని అసలు పనితనం మలుపులో తెలుస్తుంది. మామూలు ముందు చక్రాల బండికి మలుపు మధ్యలో పెడల్ నొక్కితే ముక్కు బయటికి జారుతుంది. దీనికి ముందు యాక్సిల్‌లో ఎలక్ట్రానిక్‌గా బిగుసుకునే డిఫరెన్షియల్ లాక్ ఉంది, టార్క్‌ని బయటి చక్రానికి పంపుతుంది. సగం మలుపు దాటాక పెడల్ మెల్లగా పెంచండి, ముక్కు లోపలికి లాక్కుంటుంది. దీన్ని నమ్మడానికి కొన్నాళ్లు పడుతుంది. ఆలోగా వర్షంలో, ఇసుక ఉన్న మలుపులో ప్రయోగాలు పెట్టుకోవద్దు, టైరుకి లేని పట్టుని డిఫరెన్షియల్ పుట్టించలేదు.

0-100 కి 5.9 సెకన్లు కంపెనీ లెక్క. ఏప్రిల్, మే ఎండలో 42 డిగ్రీల గాలితో, నాలుగో లాంచ్‌కి (ఆగిన చోటునుంచి ఒక్కసారిగా దూకించడం) ఇంటర్‌కూలర్, అంటే టర్బో గాలిని చల్లబరిచే భాగం, వేడెక్కిపోయి ఆ నంబరు రాదు. బండి పాడైందని అనుకోకండి. లాంచ్ కంట్రోల్ 1500 కి.మీ. దాటేదాకా అసలు ముట్టుకోవద్దు.

కోఠి_క్లచ్

పంతులు గారూ, నాలుగువేల అన్నా, చాలా థాంక్స్. ఇంకొన్ని చిన్నవి. టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ అప్పుడప్పుడు దానంతట అదే లాగినట్టు అనిపించింది, అది టార్క్ స్టీరేనా? పెట్రోలు ఏది పోయాలి? పెద్దవాళ్లు షోరూమ్‌లోనే పూజ చేసి నిమ్మకాయలు తొక్కించాలంటున్నారు. పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే రక్షణ ఫిల్మ్) వెంటనే వేయించొచ్చా, ఆగాలా?

బెజవాడ_బూస్ట్

స్టీరింగ్ లాగడం ఎప్పుడు జరిగిందో గుర్తుచేసుకోండి తమ్ముడూ. ఒకటో రెండో గేరులో గట్టిగా తొక్కినప్పుడు అటూ ఇటూ లాగితే టార్క్ స్టీర్. ఈ పవర్‌కి కొంత ఉంటుంది, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంటే సరి. నిలకడగా 70, 80లో వెళ్తుంటే మెల్లగా తోసిందంటే అది లేన్ అసిస్ట్, బండిని గీతల మధ్య ఉంచడానికి స్టీరింగ్ తిప్పే ఏర్పాటు. మన రోడ్ల మీద పాత గీత, కొత్త గీత, తారు అతుకు మూడూ కనిపిస్తే అది తికమకపడుతుంది. మెనూలో ఆపేసి అదే రోడ్డు మీద మళ్లీ నడపండి. ఆపినా ఒకే పక్కకు పోతుంటే రోడ్డు వాలు చూడండి. మన రోడ్లు ఎడమకు వాలి ఉంటాయి, కాబట్టి వాలు లేని రోడ్డు మీద కూడా ఎడమకే లాగితేనే అలైన్‌మెంట్ అనుమానం పెట్టుకోవాలి. ఫ్రంట్ అసిస్ట్ (ముందు అడ్డం వస్తే దానంతటదే బ్రేకు వేసే ఏర్పాటు) కూడా ఇంతే. ఆటో అడ్డం దూరితే గట్టిగా బ్రేకు వేస్తుంది, వెనకవాడు గుద్దే ప్రమాదముంది. వార్నింగ్ దూరం తగ్గించి పెట్టుకోండి, పూర్తిగా ఆపమని నేను చెప్పను.

పెట్రోలు: ముందు ఫ్యూయల్ మూత లోపలి స్టిక్కర్ చదవండి. బంకుల్లో ఇప్పుడు మామూలుగా వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఎక్స్‌పీ95 (95 ఆక్టేన్ పెట్రోలు) లాంటివి పోసుకుంటే రోజువారీకి చాలు. ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్) ధర చాలా ఎక్కువ, ట్యూన్ చేయని ఇంజన్‌కి పెట్టిన డబ్బుకు తగ్గ తేడా కనిపించదు. ముఖ్యంగా చూడాల్సింది బాగా అమ్ముడయ్యే బంకు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, వానాకాలంలో ట్యాంకు అడుగున నీరు చేరే బంకు జోలికి పోకండి. డెలివరీలో ఐదు లీటర్లు కూడా పోయరు, షోరూమ్ నుంచి మొదటి బంకు ఎక్కడుందో ముందే చూసుకోండి. ట్యాంకు 50 లీటర్లు.

పూజ తప్పకుండా చేయించుకోండి, నిమ్మకాయ సంగతిలో జాగ్రత్త. 2025 సెప్టెంబర్‌లో ఢిల్లీలో నిమ్మకాయ తొక్కించబోయి కారు షోరూమ్ మొదటి అంతస్తు అద్దం బద్దలు కొట్టుకుని కింద పడింది. నేల మీద, ఎదురుగా కనీసం రెండు కార్ల దూరం ఖాళీ ఉన్నచోట పెట్టండి. డీలో వేసి బ్రేకు మీద నుంచి కాలు మెల్లగా ఎత్తితే చాలు, డీఎస్జీ దానంతట అదే పాకుతుంది, నిమ్మకాయ నలుగుతుంది. యాక్సిలరేటర్ జోలికే పోవద్దు. ఆటో హోల్డ్ ఆన్‌లో ఉంటే బండి కదలదు, కదలట్లేదని తొక్కడంతోనే గొడవ మొదలవుతుంది, కాబట్టి ముందే దాన్ని ఆపండి. కొబ్బరికాయ బండికి రెండడుగుల దూరంలో కొట్టండి. పసుపు, కుంకుమ ఆ సాయంత్రమే తడి మైక్రోఫైబర్‌తో తీసేయండి, పొడిగుడ్డతో రుద్దితే గీతలే. గళ్ల గుడ్డ సీట్ల మీద పసుపు పడితే వదలదు, పూజ అయ్యేదాకా డోర్లు మూసి ఉంచండి.

పీపీఎఫ్ వెంటనే వేయించొచ్చు. ఫ్యాక్టరీ పెయింట్ ఓవెన్‌లో కాల్చి వస్తుంది, ఆరడానికేమీ మిగిలి ఉండదు. ఆగాల్సింది ఇక్కడ మళ్లీ రంగు వేసిన ప్యానెల్‌కి. మొత్తం బాడీకి బడ్జెట్ లేకపోతే బంపర్, బానెట్, ఫెండర్లు, అద్దాల వెనక భాగం చాలు, రాళ్లు తగిలేది అక్కడే. ముందువైపు రాడార్ ఉన్నచోట మాత్రం ఏదీ అంటించనివ్వకండి, దానికి అడ్డొస్తే క్రూజ్ కంట్రోల్ ఎర్రర్ చూపిస్తుంది.

మీరు అడగలేదు గానీ చెప్తున్నా, ఆరు నెలల్లో స్టేజ్ వన్ ట్యూన్ (సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) ఆలోచన వస్తుంది. డీలర్ కంప్యూటర్ తగిలించినప్పుడు మార్చిన సాఫ్ట్‌వేర్ బయటపడితే కంపెనీ రికార్డులో టీడీ1 అని మార్కు పడుతుంది. తర్వాత ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ క్లెయిమ్ కష్టం. తిరిగి స్టాక్‌కి మార్చి తీసుకెళ్తే సరిపోతుందని చెప్పేవాళ్లని నమ్మొద్దు.

ఫుల్_డిక్కీ

స్టేజ్ వన్ మాట ఒప్పుకుంటా, పెట్రోలు మాట పూర్తిగా ఒప్పుకోను. ఎండాకాలంలో గట్టిగా నడిపే రోజుల్లో ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుతో నాక్ (పెట్రోలు సమయానికి ముందే మండి ఇంజన్ కొట్టుకోవడం) తగ్గి, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి పోకుండా ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. ఊళ్లో తిరగడానికి మాత్రం దండగే.

బుకింగ్ ఇంకా మార్చుకునే వీలుందనుకుంటే ఇది కూడా చూడండి: 2025 అక్టోబర్‌లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌లో ఇవే 265 పీఎస్, ఇవే 370 ఎన్ఎం, డిక్కీ 600 లీటర్లు. 0-100 కి కంపెనీ లెక్క 6.4. వెనక సీట్లో ఇంట్లోవాళ్లు రోజూ కూర్చుంటే అది, మీరొక్కరే నడిపితే జీటీఐ. అయితే దేశానికి తెచ్చినవి 100 బండ్లే, అవీ అమ్ముడైపోయాయి, కాబట్టి ఈ పోలిక ఇప్పుడు కబుర్లకే పనికొస్తుంది.

గుంత_గమనిక

గుంతల్లో టైర్లు పోయే సంగతి ఎవరూ చెప్పలేదు, ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. 225/40 ఆర్18 అంటే సైడ్‌వాల్ ఎత్తు 225లో 40 శాతం, సరిగ్గా 90 మి.మీ. అంచు పదునుగా ఉన్న గుంతలో 60లో పడితే రబ్బరు రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. బయట బుడగ లేస్తుంది. బుడగ వచ్చిన టైరు రిపేరు కాదు, మార్చాల్సిందే. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు జీరో డెప్ (పార్టుల అరుగుదల కోత లేని కవర్), రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చే కవర్)తో పాటు టైర్ కవర్ చేర్చుకోండి, రిమ్ కూడా వస్తుందో లేదో అందులో చదవండి. గుంత తప్పించలేకపోతే పడేముందు బ్రేకు వదిలేయండి. బ్రేకు మీద ఉంటే ముక్కు దిగి ఉంటుంది, సస్పెన్షన్‌కి కుంగే చోటు మిగలదు.

స్పీడ్ బ్రేకర్లకి ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. అలా కట్టినవైతే జీటీఐ హాయిగా దాటుతుంది. మామూలు గోల్ఫ్ కన్నా ఇది 15 మి.మీ. కిందికి ఉన్నా సరే. కాలనీల్లో రాత్రికి రాత్రి పోసే నిటారు దిబ్బలతోనే బాధ. నలుగురు ఎక్కి డిక్కీ నిండితే ఇంకా కుంగుతుంది. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా, నడక వేగంలో దాటండి. కింద ఎక్కువగా రాసుకునేది ఇంజన్ కింది ప్లాస్టిక్ ట్రే. గట్టిగా తగిలినరోజు వంగి చూసి క్లిప్పులు ఊడాయేమో సరిచేయించండి. వదిలేస్తే గాలికి వేలాడి హైవే మీద చిరిగిపోతుంది.

పంక్చర్ షాపులో ఇంకో సంగతి. దీనికి నట్లు కాదు, బోల్టులు. నాలుగు చక్రాలకూ తాళం బోల్టులుంటే వాటి అడాప్టర్ డెలివరీ రోజే చేతిలో పట్టుకుని చూసి, డిక్కీలో దాని చోట పెట్టించండి. అది లేకపోతే చక్రం ఊడదు. ఎయిర్ గన్‌తో బిగించనివ్వకండి, చేత్తో ఎక్కించి టార్క్ రెంచ్‌తో 120 ఎన్ఎం. 50, 100 కి.మీ. నడిపాక మళ్లీ అదే లెక్కకు ఒకసారి చూసుకోండి. డిక్కీ చాప ఎత్తి స్పేర్ చక్రం ఉందా, గాలి కొట్టే కిట్ ఉందా అది కూడా అప్పుడే చూసేయండి. కిట్ ఒక్కటే ఉంటే సైడ్‌వాల్ చిరిగినరోజు అది పనికిరాదు, కాబట్టి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి.